చుట్టి ఉన్న పటం

తాయిఫ్‌లో మేం రంగులు వేసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి గానీ, తలుపుల రంగుతో సహా గుర్తున్న ఇల్లు ఒక్కటే. విమానాల కంపెనీలో పనిచేసి రిటైరైన ఒక సౌదీ పెద్దాయన ఇల్లు అది. దాన్ని బాగు చేయించి కొడుకు చేతిలో పెడుతున్నాడు. సామాన్ల గది తాళం తీసి, మీకు పనికొచ్చేవి పట్టుకుపోండి, మిగతావి పారేయండి అన్నాడు. అలాంటి మాట చెవిన పడ్డాక చేతులు కట్టుకుని నిలబడే ఋషులెవరూ మా గుంపులో లేరు. ఒకడు టేబుల్ ఫ్యాను ఎత్తుకున్నాడు. నేను ఇస్త్రీపెట్టె అందుకున్నాను. అది పనిచేయదని గదికి వెళ్ళాక తెలిసింది. మా గదిలో ఉండే కాకా మాత్రం అద్దం బిగించిన ఒక బొమ్మను చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"గంత మంచి కుర్చీ ఉండె గద కాకా లోపట! గీ పూల బొమ్మతోని ఏం జేసుకుంటవ్?" అన్నాను.

"నాకు గావాలె," అన్నాడు. అంతే.

కాకా నాకు చుట్టం కాదు. వయసును బట్టి అందరం అలా పిలిచేవాళ్ళం. మా జగిత్యాల దిక్కు మనిషే. గోడలకు గిలాబు, అంటే సిమెంటు పూత, చేసే మేస్త్రీ. ఆయన గిలాబు చేసి వదిలితే, ఆరాక నేను రంగు వేసేవాణ్ణి. ఏ ఇంటికైనా ఇద్దరం వెనకా ముందూగా వెళ్ళవలసిందే. మాట తక్కువ మనిషి. నాకు మాట తక్కువ మనుషులతో వేగడం కష్టం. వాళ్ళ వాటా కూడా నేనే మాట్లాడాల్సి వస్తుంది.

బొమ్మను చూసి పెద్దాయన నవ్వి, "యాబానీ" అన్నాడు, జపాన్‌ది అని. చెక్క మీద చెక్కి, ఒక్కో రంగుకు ఒక్కో చెక్క చేసి, కాగితం మీద అద్ది తీస్తారని చేతులతో చూపించాడు. బొమ్మలో పెద్ద విశేషమేమీ నాకు కనిపించలేదు. వెదురు బుట్టలో పూలు. పక్కన, చుట్టలు చుట్టి దారాలతో కట్టినవి ఏవో, కాగితాలో గుడ్డలో. ఒక చుట్ట కట్టు కాస్త వదులై అంచు బయటికి వచ్చింది. ఆ అంచు మీద చిటికెడు నీలం. ఓ మూల ఎర్ర ముద్ర, నిలువునా నాలుగు అక్షరాలు. మనిషి లేడు, పిట్ట లేదు. రంగుల పనివాణ్ణి కాబట్టి దగ్గరికెళ్ళి చూశాను. ఎక్కడా రంగు గీత దాటలేదు. కిటికీ అంచులకు టేపు అంటించుకుని కూడా నేను అంత శుభ్రంగా వేయలేను. కొంచెం అసూయ కలిగింది.

మా గదిలో మూడో మనిషి కడప నుంచి వచ్చిన డ్రైవర్. అందరం భాయ్ అనేవాళ్ళం. మక్కాకు యాత్రికుల సామాన్లు చేరవేసే పికప్ ఆయనది. గదిలో దేవుడి బొమ్మలు గోడకు తగిలించే అలవాటు మాకు లేదు. ఎవరి దేవుడు వాళ్ళ పెట్టె మూత లోపలి వైపు ఉండేవాడు. తెరిస్తే దర్శనం, మూస్తే ఏకాంత సేవ. కాబట్టి కాకా తెచ్చిందే మా గోడకెక్కిన మొదటి బొమ్మ. ఆయన గోడ కొలత చూసుకుని మేకు కొట్టి, అద్దం తుడిచి తగిలించాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు తలకు చుట్టుకునే తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, దాని ముందు కాసేపు నిలబడేవాడు.

నాలుగు రోజులు ఊరుకుని భాయ్ అడిగేశాడు. "ఏంది కాకా, పూలకు మొక్కుతాండావా?"

"పూలకు గాదు. పటానికి," అని ఆ చుట్టల వైపు చూపించాడు కాకా.

నాకు అప్పుడు తెలిసింది ఆయన ఎవరో. ఒకే గదిలో అన్నేళ్ళు ఉన్నాక తెలిసింది.

మేం సాలోళ్ళం, నేతపనివాళ్ళం. మాకొక కుల కథ ఉంది. మా మూలపురుషుడు తామర తూడు నుంచి నార తీసి దేవతలకు బట్ట నేసిన కథ. అది చెప్పడానికి వేరే కులం ఉంది. వాళ్ళు మాకే చెబుతారు, ఇంకెవరికీ చెప్పరు. ఏ ఊళ్ళు ఏ ఇంటి వాటావో వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారు. కథంతా పొడుగాటి గుడ్డ మీద వరసగా బొమ్మలు రాయించి, చుట్ట చుట్టి తెస్తారు. దాన్ని పటం అంటారు. గుంజలకు కట్టి, ఒక్కో బొమ్మా కిందికి విప్పుతూ, కర్రతో చూపిస్తూ, తాళాలతో పాడుతూ రాత్రులకు రాత్రులు చెబుతారు. చిన్నప్పుడు ఒకసారి మా వాడకు వచ్చారు. నేను మొదటి బొమ్మకే నిద్రపోయాను. కాకా ఆ పటం కథ చెప్పే ఇంటివాడు.

"గిది పటం పూజ," అన్నాడు బొమ్మ చూపిస్తూ. "పటం ఇంక ఇప్పలేదు. సుట్టి పెట్టిండ్రు. ముంగట తామరపూలు పెట్టిండ్రు. ఇగ కథ షురూ జెయ్యాలె."

"గవి జపానోళ్ళ కాగితాలు కాకా. పూలు గూడ తామరలు గావు. తామర ఆకు గట్లుంటదా?"

"పటం ముంగట తామర గాక ఏం పెడ్తరు?"

నేను ఇంకో రెండు ముక్కలు వాదించి వదిలేశాను. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నారు. ఆయన కంటికి అది తామర అయితే నాకు పోయేదేముంది? కానీ ఆ వదులైన చుట్ట దగ్గర మాత్రం ఆయనకే తెగేది కాదు. ఆ నీలం అంచు ఏ బొమ్మదై ఉంటుందని తనలో తనే లెక్కలు వేసుకునేవాడు. నీలం అంటే నీళ్ళు, నీళ్ళంటే తామర చెరువు, కాబట్టి అది కథలో ఫలానా చోటు అని. జపాన్‌లో ఎవరో చెక్క మీద చెక్కిన ఆ అంచు లోపల మా కులం కథ ఉందని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. నవ్వొచ్చేది. కాసేపటికి నేనూ ఆ అంచునే చూస్తూ కూర్చునేవాణ్ణి.

అసలు పటం ఊళ్ళో ఆయన అన్న దగ్గర ఉంది. తమ్ముడు గల్ఫ్‌కు వచ్చాక అన్న ఒక్కడే కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. తర్వాత గొంతు పోయింది. ఫోన్‌లో మాట్లాడితే గాలి తప్ప మాట వినబడేది కాదట. ఆ అన్న కబురు చేశాడు. పటం అంచులు చిరిగిపోతున్నాయి, మూడేళ్ళుగా ఎక్కడా విప్పలేదు, చెప్పని పటం ఇంట్లో ఉంచుకోకూడదు, పెత్రమాస లోపు నువ్వు వచ్చి చేతిలోకి తీసుకుంటే సరే, లేకపోతే గోదావరికి ఇచ్చేస్తాను అని. పాతబడిన పటాన్ని అమ్మరు, పారేయరు. మనిషికి చేసినట్టే అన్నీ చేసి గోదావరిలో వదులుతారు. పెత్రమాస మా పెద్దల పండుగ, బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. అప్పటికి అది చాలా దూరంలో ఉంది. కాకా, "పోవాలె" అన్నాడు. అదే పట్టుదలగా పెట్టుకున్నాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు సరిగ్గా అప్పుడే మా కంపెనీ ఎర్రలో పడింది.

నితాకత్ అనే సౌదీ సర్కారు రూలు గురించి మాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ప్రతి కంపెనీలోనూ ఇంతమంది సౌదీలు పనిచేయాలి. చేస్తే పచ్చ, చాలకపోతే పసుపు, మరీ తక్కువైతే ఎరుపు. ఎరుపైతే పనివాళ్ళ ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యూవల్ కావు. పైగా మనిషికి ఇంతని సర్కారుకు కట్టే లెవీ ఒకటి. మా కంపెనీలో సౌదీ అంటే కఫీల్, అంటే మా వీసాల యజమాని, ఒక్కడే, ఆయన కూడా పనిచేయగా మేం చూడలేదు. ఎర్రలో పడ్డాక ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. పాస్‌పోర్టులు ఆఫీసు అలమరలో, తాళంచెవి మందూబ్ దగ్గర. మందూబ్ అంటే కంపెనీ కాగితాల పని చూసేవాడు. వెళ్ళినప్పుడల్లా నవ్వుతూ టీ తాగమనేవాడు, "బుక్రా" అనేవాడు. బుక్రా అంటే రేపు. ఆ దేశంలో నేను అన్నిటికన్నా ముందు నేర్చుకున్న మాట, అన్నిటికన్నా ఎక్కువ అసహ్యించుకున్న మాటా అదే.

సర్కారు గడువు ఇచ్చింది. ఆ లోపు కాగితాలు సరిచేసుకోవాలి, లేదా దేశం విడిచి పోవాలి. ఎర్ర కంపెనీ పనివాళ్ళు కఫీల్ సంతకం లేకుండానే పచ్చ కంపెనీకి మారొచ్చు. మాకు ఆ దారి తెరిచి ఉంది. ఇంటికి పోవాలంటే మాత్రం ఎగ్జిట్ వీసా కొట్టించాలి, దానికి పాస్‌పోర్టు కావాలి, దానికి మందూబ్ నోటి నుంచి బుక్రా కాక ఇంకో మాట రావాలి. ఉండదలుచుకున్నవాడికి దారి ఉంది, పోదలుచుకున్నవాడికి లేదు.

నేను ఉండదలుచుకున్నాను. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అనుకుని పచ్చ కంపెనీల చుట్టూ తిరిగాను. చివరికి హాయిల్ దగ్గర గోధుమల ఫారాలున్న ఒక కంపెనీ వాళ్ళు గోదాముల పనికి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. రంగుల పనివాళ్ళు, గిలాబు మేస్త్రీలు, వెల్డర్లు. మేముండే లేబర్ క్యాంపులో సగం మంది దానికే ఒప్పుకున్నారు. అందులో ఎక్కువమంది మా సాలోళ్ళే. మగ్గం వదిలి వచ్చినవాళ్ళు.

"నువ్వు గూడ పేరియ్యి కాకా," అన్నాను.

"నేను ఇంటికి పోతా బిడ్డా. పెత్రమాస దగ్గరికొత్తాంది."

కాకా వారం వారం భాయ్ పికప్‌లో మందూబ్ దగ్గరికి వెళ్ళేవాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి మడతపెట్టి, బొమ్మ వైపు ఒకసారి చూసి పడుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి నేనూ వెంట వెళ్ళి, నాకు వచ్చిన అరబ్బీ నాలుగు మాటలూ ఒకేసారి వాడి మొహాన కొట్టాను. మందూబ్ నొచ్చుకోలేదు. నాకు కూడా టీ ఇచ్చాడు.

పెత్రమాస వచ్చింది, పోయింది.

మర్నాడు శుక్రవారం, సెలవు. నేను లేచేసరికి కాకా తలస్నానం చేసి, తడి బట్టలతోనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. పొయ్యి వెలిగించలేదు. ఎవరైనా పోయారేమో అనుకున్నాను.

"ఏమైంది కాకా? ఇంట్ల అంతా మంచిగేనా?"

"పటం పోయింది," అన్నాడు. "అన్న ఫోన్ జేసిండు. నిన్న గోదాట్ల ఇడిసిండ్రట. నా పేరు జెప్పి ఓ దోసెడు నీళ్ళు గూడ ఇడిసిండ్రట."

నేను పొడి తువ్వాలు తీసి ఆయన భుజం మీద వేశాను. భాయ్ విషయం విని చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. జుమా నమాజు తర్వాత తిరిగొచ్చాడు, చేతిలో అన్నం, పప్పు, రొట్టెలు పట్టుకుని. "చావయిన ఇంట్లో పొయ్యి ముట్టియ్యకూడదు కదప్పా. మా కడపోళ్ళ రూములో వండించినా. తిను కాకా," అన్నాడు. ఆ మాట నేను అనవలసింది. నేనే అనలేకపోయాను. కాకా తిన్నాడు. తింటూ ఏడ్చాడు.

సాయంత్రం కావస్తుండగా భాయ్ ఊరుకోలేక అడిగాడు. "అది కాదు కాకా, పటం పోతే కథ యాడికి పోతాది? నీకు నోటికి వచ్చు కదా. మాకు చెప్పు, వింటాం."

కాకా తల అడ్డంగా ఊపాడు. "నువ్వడిగితే జెప్పరాదు భాయ్. సాలోళ్ళు అడగాలె. ఆకు వక్క పెట్టి అడగాలె. అడగంగ జెప్తే అది హక్కు. అడగంది జెప్తే బిచ్చం."

ఇద్దరూ నా వైపు చూశారు.

అప్పుడు అర్థమైంది నాకు. అన్నేళ్ళు ఆయన పక్క మంచం మీద సాలోడొకడు పడుకుని ఉన్నాడు. క్యాంపు నిండా సాలోళ్ళే. ఒక్కరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తెలియదు. మా ఇళ్ళల్లో ఎవరూ మాకు చెప్పలేదు.

తమలపాకు మాకు దొరికే వస్తువు కాదు. భాయ్ పక్క సందులో ఎవరి ప్రహరీ మీదుగానో వేలాడుతున్న తీగ నుంచి ద్రాక్షాకులు రెండు కోసుకొచ్చాడు. వక్క బదులు ఖర్జూరం గింజ కడిగి పెట్టాం. మంచం దుప్పటి నేల మీద పరిచి, పక్క గదుల్లో ఉన్న మావాళ్ళందర్నీ కేకేశాను. కొందరు సెల్‌ఫోన్ చూసుకుంటూనే వచ్చి కూర్చున్నారు. ఏం మాటలు అనాలో తెలియక, "కాకా, మా కథ మాకు జెప్పు" అని ఆకులు ఆయన దోసిట్లో పెట్టాను. ద్రాక్షాకులను చూసి ఆయన మొదటిసారి నవ్వాడు. కళ్ళకద్దుకున్నాడు.

గోడ మీది బొమ్మ కింద నిలబడ్డాడు. కర్ర లేదు, నా పెయింటింగ్ రోలర్ పిడి తీసుకున్నాడు. ఆ పిడితో, దారాలు కట్టి ఉన్న మొదటి చుట్టను తాకీ తాకనట్టు చూపించి గొంతెత్తాడు. గిలాబు దుమ్ము మింగిన గొంతు. మొదట బొంగురుగా వచ్చింది, రెండుసార్లు ఆగింది. వరస తప్పింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. నేను చెప్పేది గొప్ప చేసి చెప్పడం కాదు, కొన్ని చోట్ల మాకు బొత్తిగా అర్థం కాలేదు. కానీ తామర చెరువు దగ్గరికి వచ్చేసరికి, పిడి ఆ నీలం అంచు మీద నిలిపి ఆయన నార తీసే పాట పాడుతుంటే, విప్పని ఆ చుట్టలో నుంచి నీళ్ళు కనబడ్డాయి నాకు. చిన్నప్పుడు నిద్రపోయి వదిలేసినదంతా కనబడింది. సెల్‌ఫోన్లు ఎప్పుడు జేబుల్లోకి పోయాయో తెలియదు. పక్క గది వెల్డర్, నోరు విప్పితే బూతు తప్ప రాని మనిషి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని చిన్న పిల్లాడిలా వింటున్నాడు. రాత్రి నమాజుకు అజాన్ వినబడ్డప్పుడు కాకా పాట ఆపాడు. భాయ్ నమాజుకు వెళ్తూ, "నేను లేకుండా మొదలుపెట్టొద్దు కాకా" అని గుమ్మంలో నుంచి చెప్పాడు. మేం ఆగాం.

కథ ముగిశాక కథకుడు విన్నవాళ్ళ ఇంటి పేరు, గోత్రం అడిగి దీవించాలి. మాలో సగం మందికి గోత్రం తెలియదు. ఇళ్ళకు ఫోన్లు కలిపారు. నేను మా అమ్మను అడిగితే, "పెండ్లి గిట్ల జేసుకుంటున్నావురా ఆడ?" అని కంగారుపడింది. ఆమె చెప్పిన గోత్రం పేరుతో కాకా నా తల మీద చెయ్యి పెట్టాడు. సున్నం తిని గరుకెక్కిన చెయ్యి. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను.

మర్నాడు మందూబ్ బుక్రా అనలేదు. అలమర తెరిచాడు. గడువు దగ్గర పడుతోందని కఫీల్‌కు భయం పట్టుకుందో ఏమో, ఎగ్జిట్ కొట్టించి ఇస్తాం, ఎవరెవరు పోతారో సాయంత్రంలోగా పేర్లు చెప్పండి అన్నాడు. పరిగెత్తుకుంటూ గదికి వచ్చాను. కాకా గిలాబు పరికరాలు కడుగుతున్నాడు.

"కాకా, నీ ఎగ్జిట్ అయితాందట! ఇగ పో. నువ్వేం రంది వెట్టుకోకు. పటం కొత్తది రాయిస్తం. ఈడ ఉన్న సాలోళ్ళమంత కూడి పటాలు రాసే నకాషోళ్ళకు జెప్పి రాయిచ్చి నీ చేతిల వెడ్తం. మేం అడుగుతున్నం. నువ్వు ఇంటికి పోయి కథ జెప్పు."

నేను మనస్ఫూర్తిగానే అన్నాను. రాత్రి విన్నది ఇంకా నా ఒంట్లో ఉంది. కాకా కడిగిన తాపీని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"రాయిస్తరు, నాకెరుకే. మీ వాడకట్టుల ఇప్పుడు మగ్గమాడే ఇల్లు ఏదన్న ఉన్నదా?"

నేను ఆలోచించాను. లేదు.

"మొగోళ్ళు ఎవలున్నరు?"

ఒక్కో గడపా గుర్తు తెచ్చుకున్నాను. ఒకరు దుబాయ్, ఒకరు మస్కట్, ఒకరు భివండి, మేం ఇక్కడ.

"ఊరూరు తిరిగితే ఆకు వక్క వెట్టి అడిగేటోడు ఒక్కడు దొర్కకపాయె," అన్నాడు కాకా. ఆయన గొంతులో కోపం లేదు. "మీరంత ఇటొస్తిరి. నేనెవలకు జెప్పాలెరా? మీ ఎనక నేనూ ఒస్తి. ఇప్పుడు మీరు హాయిల్‌కు పోతే, నేను పటం వట్టుకోని పోయి గోడలకు జెప్పాల్నా?"

ఆయన పొట్ట కోసం వచ్చాడని అనుకున్నాను ఇన్నాళ్ళూ. మేం అందుకే కదా వచ్చాం. కథ చెప్పేవాడు వినేవాళ్ళను వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చి, వాళ్ళు అడుగుతారేమోనని గిలాబు చేసుకుంటూ కూర్చున్నాడని నా ఊహకైనా రాలేదు.

సాయంత్రం మందూబ్ ఎగ్జిట్ పేర్లు రాసుకుంటున్నప్పుడు కాకా తన పేరు ఇవ్వలేదు. హాయిల్ కంపెనీ మనిషి వచ్చినప్పుడు నా వెనకే నిలబడి కాగితం మీద వేలిముద్ర వేశాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషం కలిగినందుకు నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది.